చట్టసభల్లో మహిళా వాణికి బాట వేసిన సరోజినీ నాయుడు

- ఓటు హక్కు కోసం లండన్ వరకు వెళ్లిన హైదరాబాదీ
- ప్రత్యేక స్థానాలు వద్దన్న నాయకురాలు
- నేడు జయంతి

హైదరాబాద్, ఫిబ్రవరి 13 : నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్ భవనం, మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి జంట నగరాల వాసులకు చిరపరిచితాలు. సరోజినీ నాయుడు పేరు వినగానే భారత కోకిలగా ఆమె గడించిన కీర్తి, ఆంగ్లంలో రాసిన కవితలు, ఉప్పు సత్యాగ్రహంలో చూపిన సాహసం అందరికీ జ్ఞాపకం వస్తాయి. పాఠ్యపుస్తకాలు సైతం అంతవరకే పరిచయం చేస్తాయి. భారతీయ స్త్రీకి ఓటు హక్కు కావాలని, చట్టసభల్లో పురుషుడితో సమానంగా ఆమెకు స్థానం ఉండాలని సరోజినీ సాగించిన సుదీర్ఘ పోరాటం మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. 1917లో ఆరంభమైన ఆ కృషి ఆమె జీవిత చరమాంకం వరకు కొనసాగింది. అందులో విజయాలున్నాయి, రాజీలున్నాయి, నేటికీ తెగని ఒక వివాదం కూడా ఉంది. ఆమె జయంతిని జాతీయ మహిళా దినోత్సవంగా జరుపుకొంటున్న తరుణంలో ఆ పోరాట గాథను ఒకమారు మననం చేసుకోవడం సముచితం.

బెంగాలీ ఆడపడుచు.. తెలుగింటి కోడలు

సరోజినీ 1879 ఫిబ్రవరి 13న హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి శాస్త్ర విభాగంలో డాక్టరేట్ పొందిన పండితుడు. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. అనంతర కాలంలో నిజాం కళాశాలగా ప్రసిద్ధి చెందిన విద్యాసంస్థకు ఆయనే పునాది వేశారు. తల్లి వరదసుందరీ దేవి బెంగాలీలో కవితలు అల్లేవారు. ఎనిమిది మంది సంతానంలో సరోజినీ పెద్దవారు. తమ్ముళ్లలో వీరేంద్రనాథ్ విదేశాల్లో ఉంటూ విప్లవోద్యమంలో పాల్గొన్నారు. హరీంద్రనాథ్ కవిగా, నటుడిగా పేరు గడించారు.

పన్నెండో ఏటనే మద్రాసు విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణురాలై సరోజినీ అందరి దృష్టినీ ఆకర్షించారు. నిజాం మంజూరు చేసిన ఉపకార వేతనంతో 1895లో ఇంగ్లండ్ వెళ్లి లండన్‌లోని కింగ్స్ కళాశాలలో, కేంబ్రిడ్జ్‌లోని గిర్టన్ కళాశాలలో చదివారు. ఆ రోజుల్లో అక్కడి స్త్రీలకూ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. దాని కోసం ఉద్యమం అప్పటికే మొదలై ఉంది.

స్వదేశానికి తిరిగివచ్చిన సరోజినీ 1898 డిసెంబర్‌లో డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడును వివాహమాడారు. కులం వేరు, ప్రాంతం వేరు, మాతృభాష వేరు. అటువంటి పెళ్లి ఆనాడు పెను సంచలనం. బ్రహ్మసమాజ వివాహ చట్టం ప్రకారం మద్రాసులో జరిగిన ఆ వివాహాన్ని కందుకూరి వీరేశలింగం పంతులు స్వయంగా జరిపించారు. వితంతు వివాహాలతో తెలుగునాట సంఘ సంస్కరణకు ఆద్యుడైన పంతులు చేతుల మీదుగా ఆమె తెలుగింటి కోడలయ్యారు. ఆ దంపతులకు జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి జన్మించారు. ఆమె తొలి కవితా సంపుటి గోల్డెన్ త్రెషోల్డ్ 1905లో లండన్‌లో వెలువడింది. నాంపల్లిలోని కుటుంబ నివాసానికి ఆ పేరే స్థిరపడింది.

మూసీ వరదల నుంచి ప్రజాజీవితంలోకి

1908 సెప్టెంబర్‌లో మూసీ నది ఉప్పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. బాధితులకు సాయం అందించడంలో సరోజినీ నిర్విరామంగా శ్రమించారు. అందుకు గుర్తింపుగా బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం బహూకరించింది. జలియన్‌వాలా బాగ్ దురంతం తరువాత నిరసనగా ఆమె ఆ పతకాన్ని తిరిగి ఇచ్చివేశారు.

స్త్రీ విద్యపై 1906లోనే ఆమె కలకత్తాలో జరిగిన సాంఘిక మహాసభలో ప్రసంగించారు. గోపాలకృష్ణ గోఖలే సాన్నిహిత్యం ఆమెను రాజకీయాల వైపు నడిపించింది. 1914లో లండన్‌లో గాంధీజీతో పరిచయం ఏర్పడింది. 1916 నాటి లక్నో కాంగ్రెస్ నాటికి ఆమె జాతీయ స్థాయి వక్తగా గుర్తింపు పొందారు. తరచూ అనారోగ్యం బాధించినా, నలుగురు పిల్లల తల్లిగా ఇంటి బాధ్యతలు ఉన్నా దేశమంతటా పర్యటించారు. విద్య, వితంతువుల దుస్థితి, పరదా ఆచారం వంటి సాంఘిక విషయాలపై మాట్లాడుతూ వచ్చిన ఆమెకు, చట్టాలు చేసే చోట స్త్రీ లేకుండా ఈ సమస్యలు పరిష్కారం కావన్న భావన క్రమంగా బలపడింది.

మాంటేగు ఎదుట తొలి విన్నపం

1917 ఆగస్టు 20న భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు బ్రిటిష్ పార్లమెంటులో కీలక ప్రకటన చేశారు. భారతీయులకు క్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం కల్పించడం తమ విధానమన్నది దాని సారాంశం. ఆ ఏడాది చివర ఆయన స్వయంగా భారత్‌కు వచ్చి వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌తో కలిసి వివిధ వర్గాల ప్రతినిధులను కలుసుకున్నారు. సంస్థానాధీశులు, జమీందారులు, వర్తకులు, మత సంఘాలు, రాజకీయ పక్షాలు ఎవరి కోర్కెల పత్రాలు వారు సమర్పించారు.

అంతకు కొద్ది నెలల ముందే, మే నెలలో మద్రాసు సమీపంలోని అడయారులో మహిళా భారత సంఘం ఏర్పడింది. అనీబిసెంట్, మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస దాని స్థాపనలో ముఖ్యులు. ఐర్లండ్‌లో స్త్రీల ఓటు కోసం జైలుకు వెళ్లి వచ్చిన కజిన్స్ మదనపల్లెతో గాఢమైన అనుబంధం గలవారు. స్త్రీ విద్య విషయమై మాంటేగును కలవాలని ఆమె తొలుత అనుమతి కోరారు. రాజకీయ సంబంధమైన విన్నపాలకే అవకాశమని అధికారుల నుంచి సమాధానం వచ్చింది. దాంతో స్త్రీలకు రాజకీయ హక్కులే కోరుతూ విన్నపం సిద్ధమైంది.

1917 డిసెంబర్‌లో సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళా ప్రతినిధి బృందం మద్రాసులో మాంటేగును, వైస్రాయ్‌ను కలుసుకుంది. దేశం నలుమూలల నుంచి, భిన్న మతాల నుంచి వచ్చిన స్త్రీలు అందులో ఉన్నారు. సంస్కరణల్లో భారత ప్రజలు అనే మాట వాడినపుడల్లా అందులో స్త్రీలను కూడా లెక్కించాలని, పురుషులకు ఏ అర్హతలపై ఓటు ఇస్తారో అవే అర్హతలపై స్త్రీలకూ ఇవ్వాలని వారు కోరారు. విద్య, వైద్య సదుపాయాలు పెంచాలన్న కోర్కెలు కూడా ఆ పత్రంలో ఉన్నాయి.

మాంటేగు మర్యాదగా విన్నారు. కానీ 1918లో వెలువడిన మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ నివేదికలో స్త్రీల ఓటు ప్రస్తావనే లేకపోయింది. ఓటర్ల అర్హతలు నిర్ణయించేందుకు లార్డ్ సౌత్‌బరో అధ్యక్షతన ఏర్పడిన సంఘం సైతం భారతీయ సమాజం ఇందుకు సిద్ధంగా లేదని తేల్చివేసింది. పరదా పాటించే స్త్రీలు ఓటు వేయడం ఆచరణలో సాధ్యం కాదన్న వాదన అప్పట్లో ప్రబలంగా వినిపించింది.

కాంగ్రెస్‌ను ఒప్పించి.. లండన్‌కు పయనమై

ప్రభుత్వం కాదన్న కోర్కెకు సరోజినీ ముందుగా స్వదేశీయుల మద్దతు కూడగట్టారు. 1918లో బీజాపూర్‌లో జరిగిన బొంబాయి రాష్ట్ర మహాసభలోనూ, అదే సంవత్సరం బొంబాయిలో నిర్వహించిన కాంగ్రెస్ ప్రత్యేక సమావేశంలోనూ స్త్రీల ఓటుకు అనుకూలంగా తీర్మానం కోసం పట్టుబట్టారు. కాంగ్రెస్ పెద్దల్లో సైతం అనుమానాలు లేకపోలేదు. స్త్రీ రాజకీయాల్లోకి వస్తే ఇల్లు ఏమవుతుందని, సంప్రదాయం ఏమవుతుందని ప్రశ్నించినవారున్నారు. స్త్రీ, పురుషుల కర్తవ్యాలు వేరైనా గమ్యం దేశసేవ ఒక్కటేనని, ఓటు వేసినంత మాత్రాన స్త్రీ తన స్త్రీత్వాన్ని కోల్పోదని ఆమె నచ్చజెప్పారు. నేటి పాఠకులకు ఆ వాదన మెతకగా తోచవచ్చు. కానీ వేలాది మంది పురుషులు నిండిన సభలో తీర్మానం నెగ్గించుకోవడానికి ఆమె ఎంచుకున్న మార్గం అది. తీర్మానం ఆమోదం పొందింది.

1919లో భారత ప్రభుత్వ బిల్లు బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చింది. దానిని పరిశీలించేందుకు లార్డ్ సెల్బోర్న్ అధ్యక్షతన ఉభయ సభల సంయుక్త సంఘం ఏర్పడింది. సరోజినీ లండన్ వెళ్లి 1919 ఆగస్టులో ఆ సంఘం ఎదుట స్వయంగా సాక్ష్యమిచ్చారు. అనీబిసెంట్ కూడా అక్కడ వాదించారు. బొంబాయికి చెందిన హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిథన్ ఇంగ్లండ్‌లోనే ఉండి స్థానిక మహిళా సంఘాల మద్దతు సమీకరించారు. పురాణ కాలం నుంచి భారతీయ స్త్రీ విద్యలోనూ, పాలనలోనూ పాలుపంచుకున్నదని, ఓటు ఆమెకు పరాయి భావన కాదని సరోజినీ సంఘం సభ్యులకు వివరించారు. పరదా అడ్డంకి పేరిట స్త్రీలందరికీ హక్కు నిరాకరించడం న్యాయం కాదన్నారు.

ఆ శ్రమకు సగం ఫలమే దక్కింది. 1919 భారత ప్రభుత్వ చట్టం స్త్రీలకు నేరుగా ఓటు ఇవ్వలేదు. ఇవ్వాలో వద్దో ఆయా రాష్ట్రాల శాసనమండళ్లే తీర్మానించుకోవచ్చని వదిలివేసింది. ఒక్కచోట తేలవలసిన పోరు ఇప్పుడు ప్రతి రాష్ట్రంలో విడివిడిగా జరపవలసి వచ్చింది. స్త్రీలు ఎవరూ లేని మండళ్లలో, పురుషుల ఓట్లతోనే స్త్రీల హక్కు నెగ్గాలన్నది ఆ ఏర్పాటులోని విడ్డూరం.

ముందడుగు వేసిన మద్రాసు

అనుమానించినంత ఆలస్యం జరగలేదు. బ్రిటిష్ ఇండియాలో తొలిసారిగా మద్రాసు శాసనమండలి 1921లో స్త్రీలకు ఓటు హక్కు కల్పిస్తూ తీర్మానించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనివే కావడంతో తెలుగు స్త్రీలకు సైతం ఆ హక్కు సంక్రమించింది. అదే ఏడు బొంబాయి మద్రాసు బాట పట్టింది. తరువాతి సంవత్సరాల్లో మిగిలిన రాష్ట్రాలు ఒక్కొక్కటిగా అనుసరించాయి.

అయితే ఓటుకు ఆస్తి అర్హత తప్పనిసరి. భూమి శిస్తో, ఇంటి పన్నో చెల్లించేవారికే జాబితాలో చోటు. ఆస్తులు పురుషుల పేరిట ఉండే సమాజంలో ఎంతమంది స్త్రీలకు ఆ అర్హత లభిస్తుందో ఊహించడం కష్టం కాదు. వయోజన స్త్రీలలో నూటికి ఒక్కరు కూడా ఓటర్లు కాలేకపోయారు. చట్టం దృష్టిలో అడ్డు తొలగినా వాస్తవంలో తలుపు తెరుచుకోలేదు. వయోజనులందరికీ ఓటు ఇవ్వడమే శాశ్వత పరిష్కారమన్న అభిప్రాయానికి సరోజినీ, ఆమె సహచరులు రావడానికి ఈ అనుభవమే ప్రధాన కారణం.

ఓటు వచ్చినా స్త్రీలు మండలిలో సభ్యులుగా కూర్చోవడానికి 1926 వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఆ ఏడాది సరోజినీకి మరదలు వరుస అయిన, హరీంద్రనాథ్ భార్య కమలాదేవి చటోపాధ్యాయ మంగళూరు నుంచి మద్రాసు శాసనమండలికి పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ప్రభుత్వ నియామకం ద్వారా మండలిలో ప్రవేశించి 1927లో ఉపాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. దేవదాసీ వ్యవస్థ నిర్మూలనకు ఆమె మండలిలో చేసిన కృషి, చట్టసభలో ఒక స్త్రీ ఉంటే ఎటువంటి అంశాలు చర్చకు వస్తాయో నిరూపించింది.

ఇదే కాలంలో సరోజినీ స్థాయి కూడా పెరిగింది. 1925 కాన్పూర్ కాంగ్రెస్‌కు ఆమె అధ్యక్షత వహించారు. అనీబిసెంట్ తరువాత ఆ పదవి అలంకరించిన రెండో మహిళ, తొలి భారతీయ మహిళ ఆమే.

ప్రత్యేక స్థానాలపై భిన్నాభిప్రాయాలు

1930లో ఉప్పు సత్యాగ్రహం దేశాన్ని కుదిపివేసింది. గాంధీజీ, అబ్బాస్ త్యాబ్జీ అరెస్టు అయిన తరువాత ధరాసనా ఉప్పు కొఠారుల వద్ద సత్యాగ్రహులకు సరోజినీ నాయకత్వం వహించారు. లాఠీ దెబ్బలకు వందలాది మంది నేలకొరిగారు. ఆమెను అరెస్టు చేశారు. ఆ ఉద్యమంలో వేలాది మంది స్త్రీలు ఇళ్ల నుంచి బయటకు వచ్చి జైళ్లు నింపారు. రాజకీయాలు స్త్రీలకు తగవన్న వాదనకు ఇక బలం లేకపోయింది.

అదే సంవత్సరం లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. కాంగ్రెస్ దానిని బహిష్కరించింది. ప్రభుత్వం ఆహ్వానించిన ఇద్దరు మహిళలు బేగం షా నవాజ్, రాధాబాయి సుబ్బరాయన్ అందులో పాల్గొన్నారు. కొంతకాలం పాటైనా చట్టసభల్లో స్త్రీలకు కొన్ని స్థానాలు ప్రత్యేకించాలని వారు కోరారు. సాధారణ పోటీలో డబ్బు, పలుకుబడి, కుల బలం గల పురుషులను ఎదిరించి నెగ్గే పరిస్థితి స్త్రీలకు లేదని, అలవాటు పడేవరకు ఆసరా అవసరమని వారి వాదన. మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.సుబ్బరాయన్ సతీమణిగా రాధాబాయికి ఎన్నికల వాస్తవాలు దగ్గరగా తెలుసు. ఆ వాదనను తేలికగా తోసిపుచ్చడానికి వీలులేదు.

సరోజినీ ఆలోచన వేరుగా సాగింది. 1930 ఆరంభంలో బొంబాయిలో జరిగిన అఖిల భారత మహిళా సభ సమావేశానికి ఆమె అధ్యక్షత వహించారు. స్త్రీలకు ప్రత్యేక సదుపాయం కోరడమంటే వారు తక్కువవారని ఒప్పుకోవడమేనన్నది ఆమె దృఢాభిప్రాయం. దీనికి తోడు మరొక భయం కూడా ఉంది. అప్పటికే మతాలవారీ నియోజకవర్గాలు దేశ రాజకీయాలను చీల్చుతున్నాయి. స్త్రీలకు ప్రత్యేక స్థానాలు ఏర్పడితే వాటిని కూడా మతాల వారీగా పంచుతారని, కలిసికట్టుగా ఉన్న మహిళా ఉద్యమం ముక్కలవుతుందని ఆమె, ఆమె సహచరులు ఆందోళన చెందారు.

1931 మార్చిలో కరాచీ కాంగ్రెస్ వయోజన ఓటు హక్కును, స్త్రీ పురుష భేదం లేని సమాన హక్కులను తన తీర్మానంలో పొందుపరిచింది. ప్రధాన మహిళా సంఘాలు కలిసి ఉమ్మడి విజ్ఞాపన రూపొందించాయి. వయోజనులందరికీ ఓటు, సాధారణ నియోజకవర్గాల నుంచే పోటీ, ప్రత్యేక స్థానాలు గానీ నియామకాలు గానీ వద్దు అన్నవి అందులోని ముఖ్యాంశాలు.

రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి సరోజినీ భారత మహిళల ప్రతినిధిగా హాజరయ్యారు. 1931 ఆగస్టు చివర గాంధీజీతో పాటు రాజపుటానా నౌకలో బయలుదేరారు. ఏడాది క్రితం ప్రత్యేక స్థానాలు కోరిన బేగం షా నవాజ్ ఈసారి సరోజినీతో చేతులు కలిపారు. ఇద్దరి సంతకాలతో మహిళా సంఘాల విజ్ఞాపన సమావేశానికి అందింది. రాధాబాయి మాత్రం తన వైఖరికి కట్టుబడి ఉన్నారు.

అడిగినది ఒకటి.. దక్కినది ఒకటి

ప్రభుత్వం ఆ విజ్ఞాపనకు తలొగ్గలేదు. దేశ జనాభా అంతటికీ ఓటు ఇవ్వడం అసాధ్యమని భావించింది. 1932లో లార్డ్ లోథియన్ సంఘం దేశంలో పర్యటించి స్త్రీ ఓటర్ల సంఖ్య పెంచాలని సిఫార్సు చేసింది. ఆస్తి గల పురుషుల భార్యలకు, అక్షరాస్యులైన స్త్రీలకు ఓటు ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైనది. స్త్రీకి భర్త ద్వారా ఓటు రావడం ఏమిటని మహిళా సంఘాలు ఆక్షేపించాయి. 1932 ఆగస్టులో వెలువడిన కమ్యూనల్ అవార్డు స్త్రీలకు ప్రత్యేక స్థానాలు కేటాయించి, వాటిని మతాల వారీగా విభజించింది. సరోజినీ బృందం ఏది జరగకూడదనుకున్నదో అదే జరిగింది.

ఆ సమయంలో సరోజినీ ఎరవాడ జైలులో ఉన్నారు. సెప్టెంబర్‌లో గాంధీజీ అదే జైలులో నిరాహార దీక్ష చేపట్టినప్పుడు ఆయనకు సపర్యలు చేశారు. 1933లో రాజకుమారి అమృత్ కౌర్, ముత్తులక్ష్మీ రెడ్డి, బేగం హమీద్ అలీ లండన్ వెళ్లి సంయుక్త పార్లమెంటరీ సంఘం ఎదుట మహిళా సంఘాల వైఖరిని మరోమారు వినిపించారు. అయినా మార్పు రాలేదు.

1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్ర శాసనసభల్లో స్త్రీలకు మొత్తం 41 స్థానాలు ప్రత్యేకించింది. 215 స్థానాలు గల మద్రాసు శాసనసభలో స్త్రీలకు దక్కినవి 8. వాటిలో 6 సాధారణ వర్గానికి, ఒకటి ముస్లింలకు, ఒకటి భారతీయ క్రైస్తవులకు కేటాయించారు. స్త్రీ ఓటర్ల సంఖ్య సుమారు 60 లక్షలకు పెరిగింది. నచ్చని ఏర్పాటే అయినా మహిళా నాయకులు 1937 ఎన్నికలకు దూరంగా ఉండలేదు. సంయుక్త రాష్ట్రాల్లో విజయలక్ష్మీ పండిట్ మంత్రి పదవి చేపట్టారు. మద్రాసులో ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి శాసనసభ ఉపసభాపతి అయ్యారు. 1946లో ఆమె ఆరోగ్య శాఖ మంత్రిగా బాధ్యతలు స్వీకరించి ఆ రాష్ట్రంలో తొలి మహిళా మంత్రిగా నిలిచారు. ప్రత్యేక స్థానాలను సిద్ధాంత రీత్యా వ్యతిరేకించినవారే చట్టసభల్లో స్త్రీల సంఖ్య ఆ స్థానాల వల్లనే పెరగడం కళ్లారా చూశారు.

రాజ్యాంగ సభలో.. రాజ్‌భవన్‌లో

క్విట్ ఇండియా ఉద్యమంలో సరోజినీ మరోసారి అరెస్టయ్యారు. గాంధీజీ, కస్తూర్బాలతో పాటు పుణెలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో గడిపారు. 1946 డిసెంబర్‌లో సమావేశమైన రాజ్యాంగ సభకు బీహార్ నుంచి సభ్యురాలిగా వెళ్లారు. ఆ సభలో మొత్తం 15 మంది మహిళలు సభ్యులుగా పనిచేశారు. రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి వారిలో ఒకరు. హంసా మెహతా, రేణుకా రే వంటి సభ్యులు స్త్రీలు ఏనాడూ ప్రత్యేక స్థానాలు కోరలేదని సభలో స్పష్టం చేశారు. 1931 విజ్ఞాపన స్ఫూర్తి వారి మాటల్లో కనిపించింది.

1947 ఆగస్టు 15న సరోజినీ సంయుక్త రాష్ట్రాల గవర్నర్‌గా ప్రమాణ స్వీకారం చేశారు. స్వతంత్ర భారతంలో తొలి మహిళా గవర్నర్ ఆమే. పదవిలో ఉండగానే 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు. అదే సంవత్సరం నవంబర్ 26న రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఆస్తి, అక్షరాస్యత, స్త్రీ పురుష భేదం లేకుండా వయోజనులందరికీ ఓటు హక్కు ఇస్తున్న 326వ అధికరణ అందులో చేరింది. ముప్పై రెండేళ్ల క్రితం మద్రాసులో అడిగిన దానికంటే ఎక్కువే దేశం స్త్రీకి ఇచ్చింది. అది చూడడానికి అడిగిన మనిషి లేరు.

సొంత ఊరికి ఆలస్యంగా వచ్చిన ఓటు

సరోజినీ పోరాటంలో హైదరాబాద్‌కు సంబంధించిన ఒక విచిత్రం ఉంది. మద్రాసు, బొంబాయి స్త్రీల ఓటు కోసం ఆమె లండన్ దాకా వెళ్లి వాదించారు. తాను పుట్టి పెరిగిన నగరం మాత్రం నిజాం సంస్థానంలో ఉండడంతో ఆ చట్టాలేవీ ఇక్కడి స్త్రీలకు వర్తించలేదు. 1921 నాటి హక్కు కృష్ణా నదికి ఆవలి గ్రామాల్లో అమలులో ఉంటే, ఇవతలి ఒడ్డున లేదు. 1948 సెప్టెంబర్‌లో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాతే పరిస్థితి మారింది.

1952లో హైదరాబాద్ రాష్ట్ర స్త్రీలు తొలిసారిగా వయోజన ఓటు హక్కు వినియోగించుకున్నారు. శాలిబండ నుంచి మాసూమా బేగం, ఆలేరు నుంచి తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడ నుంచి సంగెం లక్ష్మీబాయి శాసనసభకు ఎన్నికయ్యారు. ముగ్గురూ భిన్న నేపథ్యాల నుంచి వచ్చినవారు. సరోజినీ కుమారుడు జయసూర్య అదే ఎన్నికల్లో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కుమార్తె పద్మజ అనంతరం పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా పనిచేశారు.

ఆ తొలి ఎన్నికల్లోనే మరో చేదు నిజం కూడా బయటపడింది. ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని తప్ప సొంత పేరు చెప్పడానికి ఇష్టపడని కారణంగా దేశవ్యాప్తంగా సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు ఓటర్ల జాబితాల నుంచి తొలగించవలసి వచ్చింది. రాజ్యాంగం హక్కు ఇచ్చినా దానిని సొంత పేరుతో అందుకోవడం కొందరికి అప్పటికింకా సాధ్యపడలేదు.

తెగని ప్రశ్న

ఓటు విషయంలో సరోజినీ పూర్తిగా నెగ్గారు. స్థానాల విషయంలో ఆమె ఆశించినట్లు జరగలేదు. సమాన హక్కు లభిస్తే సమాన ప్రాతినిధ్యం దానంతటదే వస్తుందన్న ఆమె తరం నమ్మకం ఫలించలేదు. 489 స్థానాల తొలి లోక్‌సభలో మహిళలు ఇరవై మందికి కాస్త పైగా మాత్రమే ఉన్నారు. తరువాతి దశాబ్దాల్లో కూడా పార్టీలు స్త్రీలకు టికెట్లు ఇవ్వడంలో పొదుపునే పాటించాయి. 2024 ఎన్నికల్లో సైతం 543 మంది లోక్‌సభ సభ్యుల్లో మహిళలు 74 మందే గెలిచారు.

దేశం క్రమంగా రాధాబాయి సుబ్బరాయన్ చూపిన దారి వైపు మళ్లింది. 1992 నాటి 73, 74వ రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థల్లో మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయించాయి. అనంతరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు ఆ వాటాను సగానికి పెంచాయి. సర్పంచులుగా, జడ్పీటీసీలుగా, కార్పొరేటర్లుగా వేలాది మంది సామాన్య స్త్రీలు పాలనలోకి వచ్చింది ఆ ఏర్పాటు వల్లనే. చట్టసభల విషయానికి వస్తే 1996 నుంచి పలుమార్లు వీగిపోతూ వచ్చిన బిల్లు 2023 సెప్టెంబర్‌లో ఉభయ సభల ఆమోదంతో 106వ రాజ్యాంగ సవరణగా చట్టమైంది. లోక్‌సభ, శాసనసభల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు ఇవ్వాలన్న ఆ చట్టం అమలును జనగణన, నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపెట్టారు.

దీనిని బట్టి సరోజినీ పొరబడ్డారని తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది. మతాల వారీ చీలికలు దేశాన్ని విడదీస్తున్న కాలంలో స్త్రీలను ఒక్కతాటిపై నిలపడం ఆమెకు ముఖ్యమైంది. స్త్రీ ఎవరి దయతోనో కాక పౌరురాలిగా సభలో కూర్చోవాలన్న ఆమె పట్టుదలే వయోజన ఓటు హక్కు కోర్కెకు బలమిచ్చింది. ఆ ఓటే లేకుంటే నేటి రిజర్వేషన్లకూ పునాది ఉండేది కాదు. మరోవైపు కుర్చీ మహిళది, పెత్తనం భర్తది అన్న ఫిర్యాదులు స్థానిక సంస్థల్లో వినిపించినప్పుడల్లా, స్థానాలు ప్రత్యేకించినంత మాత్రాన సరిపోదన్న ఆమె హెచ్చరిక గుర్తుకు వస్తుంది.

నాంపల్లిలోని ఆమె నివాసంలోనే 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తొలుత ప్రారంభమైంది. ఆ విశ్వవిద్యాలయంలోని కళల విభాగం నేటికీ ఆమె పేరును ధరించి ఉంది. నగరంలో ఆమె పేరిట వెలసిన సంస్థలు అనేకం. పోలింగ్ రోజున వరుసలో నిలబడి సొంత పేరు చెప్పి, వేలికి సిరా గుర్తు వేయించుకునే ప్రతి మహిళ చేతిలోనూ ఆమె కృషి ఫలం ఉంది.